వెండితెరకు రంగులద్దిన కలబురగి కుంచె
సినిమా పోస్టర్ల చిత్రకారుడు ఎస్.ఎం.పండిత్ జీవన ప్రస్థానం

ఆత్మకూరు: ఉగాది సమీపిస్తోందంటే ఆత్మకూరు వీధులు కన్నడ భక్తులతో కిటకిటలాడుతాయి. ఉత్తర కర్ణాటక జిల్లాల నుంచి రోజుల తరబడి నడిచి వచ్చే ఆ భక్తులు ఇక్కడ కాసేపు సేదదీరి, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమలను దాటి శ్రీశైల మల్లన్న సన్నిధికి చేరుకుంటారు. దారి పొడవునా చలువ పందిళ్లలో, అన్నదాన శిబిరాల్లో శివపార్వతుల పటాలు దర్శనమిస్తాయి. నీలిమేని శివుడు, నిండు నగలతో పార్వతీదేవి, వెనుక వెలుగు చిమ్మే హిమగిరి. ఈ దృశ్యాన్ని మనం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ రూపురేఖలకు ఒరవడి దిద్దిన చిత్రకారుల్లో ఒకరు ఆ భక్తుల సీమలోనే పుట్టారన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయనే సంబానంద మోనప్ప పండిత్. లోకానికి ఎస్.ఎం.పండిత్‌గా సుపరిచితులు. దేవుళ్ల పటాలకన్నా ముందు ఆయనకు పేరు తెచ్చినవి సినిమా పోస్టర్లు.

నిజాం ఏలుబడిలో జననం

పండిత్ 1916 మార్చి 25న గుల్బర్గాలో జన్మించారు. నేటి కలబురగి అదే. అప్పట్లో ఆ పట్టణం కర్ణాటకలో లేదు. హైదరాబాదు నిజాం సంస్థానంలో తెలుగు, కన్నడ, మరాఠీ జిల్లాలు కలగలిసి ఉన్న కాలమది. రాజభాష ఉర్దూ కాగా ఇంటి భాష కన్నడం, బజారులో మరాఠీ, తెలుగు కూడా వినిపించే నేల అది. ఒకవైపు శరణ బసవేశ్వరుని ఆలయం, మరోవైపు ఖ్వాజా బందే నవాజ్ దర్గా. ఇన్ని భాషలు, ఇన్ని సంప్రదాయాలు కూడిన చోట పెరిగిన బాలునికి రంగుల పట్ల, రూపాల పట్ల ఆసక్తి కలగడంలో వింత లేదు.

గుల్బర్గాలో శంకరరావు ఆళంద్‌కర్ అనే చిత్రకళోపాధ్యాయుని వద్ద పండిత్ తొలి పాఠాలు నేర్చుకున్నారు. సంస్థానంలోని ఒక జిల్లా కేంద్రంలో అప్పటికి చిత్రకళను వృత్తిగా స్వీకరించడం సామాన్య విషయం కాదు. బొమ్మలు వేసేవాడికి పూట గడవదన్న మాట అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. అయినా ఆయన వెనుదిరగలేదు. మద్రాసు చిత్రకళాశాల డిప్లొమాను అందుకున్నారు. ఆపై బొంబాయికి తరలివెళ్లారు. అక్కడ నూతన కళామందిరంలోను, సుప్రసిద్ధమైన జె.జె. కళాశాలలోను శిక్షణ పొందారు. ఎదుట మనిషిని కూర్చోబెట్టి చూసి గీయడం, కండరాల పొందిక, వెలుగునీడల లెక్క, తైలవర్ణాల వినియోగం వంటి ఐరోపా పద్ధతులకు ఆ కళాశాల పెట్టింది పేరు. కేరళకు చెందిన రాజా రవివర్మ ఏ వాస్తవిక శైలిలో పురాణ గాథలను చిత్రించి దేశమంతటా మన్నన పొందారో, అదే బాటలో పండిత్ కుంచె సాగింది.

చిత్రకళ గోడకెక్కిన కాలం

సినిమా పోస్టరు చరిత్రను ఇక్కడ కొంత స్మరించుకోవాలి. మన దేశంలో మూకీ చిత్రాల తొలి రోజుల్లో ప్రచారమంటే అక్షరాల కరపత్రాలు, దండోరాలే. బొమ్మతో కూడిన సినిమా పోస్టర్లలో నేటికీ మిగిలి ఉన్నవాటిలో తొలినాటిదిగా 1924 నాటి ‘కల్యాణ్ ఖజినా’ పోస్టరును పేర్కొంటారు. దానిని రూపొందించినది కొల్హాపూరుకు చెందిన బాబూరావు పెయింటర్. ఆయన నాటకాల తెరలు చిత్రించి, ఆపై సొంతంగా కెమెరా తయారు చేసుకుని సినిమాలు తీసిన ఘనుడు. 1931లో సినిమాకు మాట వచ్చింది. మరుసటి ఏడాది తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. అదీ బొంబాయిలో తయారైనదే. తెర మాట్లాడడం మొదలుపెట్టాక ప్రేక్షకులు పెరిగారు, థియేటర్లు పెరిగాయి, వాటితోపాటే ప్రచార చిత్రకారుల అవసరమూ పెరిగింది.

చదువురాని వారే అధికంగా ఉన్న దేశంలో సినిమా పేరును అక్షరాలతో చెబితే చేరేది కొందరికే. నాయికానాయకుల ముఖాలను, కథలోని ఉద్వేగాన్ని ఒక్క చూపులో చెప్పగలిగితే అందరికీ చేరుతుంది. పండిత్ బొంబాయిలో అడుగుపెట్టింది సరిగ్గా అలాంటి తరుణంలోనే. అదే నగరంలో, అదే కాలంలో మరో యువకుడు నిచ్చెనలెక్కి సినిమా హోర్డింగులకు రంగులు వేస్తుండేవాడు. ఆ యువకుడే తదనంతర కాలంలో ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ఎం.ఎఫ్.హుసేన్.

మెట్రో ముంగిట షోకార్డులు

అమెరికాకు చెందిన మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ 1938లో బొంబాయిలో మెట్రో థియేటరును ప్రారంభించింది. పాలరాతి మెట్లు, వేలాడే దీపాలు, మెత్తని తివాచీలతో అది నగరానికే అలంకారమైంది. అక్కడ ప్రదర్శించే హాలీవుడ్ చిత్రాలకు షోకార్డులు చిత్రించే పని పండిత్‌కు లభించింది. థియేటరు ముంగిట అద్దాల పెట్టెల్లో నిలబెట్టే మందపాటి అట్టల చిత్రాలనే షోకార్డులంటారు. లోపలికి వచ్చే ప్రేక్షకుడు టికెట్టు కొనే ముందు కాసేపు ఆగి చూసేది వాటినే.

ఈ కొలువు పండిత్ శైలిని తీర్చిదిద్దింది. హాలీవుడ్ ప్రచార చిత్రాల్లోని మెరుపు, చర్మం మీద వెలుగు జారిపోయే తీరు, ముఖం అంచున పడే రంగు కాంతి ఆయన చేతికి అబ్బాయి. నలుపు తెలుపు ఫొటోలను ఆధారం చేసుకుని, వాటిలో లేని రంగులను తన ఊహతో కల్పించి బొమ్మకు జీవం పోయాలి. బుగ్గపై గులాబీ ఛాయ, నీడలో నీలి జీర, జుట్టు అంచున బంగారు గీత. తెరపై నలుపు తెలుపుల్లో కనిపించే తార, థియేటరు ముంగిట మాత్రం సంపూర్ణ వర్ణాల్లో కనిపించేది. ప్రేక్షకుడు సినిమాను రంగుల్లో చూసినట్లు గుర్తుంచుకోవడానికి ఆ చిత్రకారుడే కారణం.

నీటిలో కలిపే మందపాటి రంగులతో వేసే గౌష్ పద్ధతిలో పండిత్ ఆరితేరారు. ఆ రంగులు త్వరగా ఆరిపోతాయి. తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు. సినిమా విడుదల తేదీ ముందే ఖరారై ఉంటుంది కనుక పనికి గడువు కూడా ఉండదు. నైపుణ్యం, వేగం రెండూ ఉన్నవారికే అక్కడ చోటు.

పోస్టరు ఎలా తయారయ్యేదంటే..

నేటి తరానికి కంప్యూటరులో గంటలో పూర్తయ్యే పని ఆనాడు ఎందరో చేతుల మీదుగా సాగేది. ముందుగా చిత్రకారుడు చిన్న నమూనా గీసి నిర్మాతకు చూపేవాడు. ఆమోదం లభించాక పూర్తి స్థాయి చిత్రం రూపొందేది. దానిని ముద్రణాలయానికి పంపితే అక్కడి పనివారు ఒక్కో రంగుకు ఒక్కో రాతి పలకపైనో, జింకు రేకుపైనో బొమ్మను చేత్తో తిరిగి గీసేవారు. లితో ముద్రణ అంటే ఇదే. పసుపు, ఎరుపు, నీలం, నలుపు వరుసగా ఒకదానిపై ఒకటి అచ్చయ్యేవి. ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగినా కథానాయిక పెదవి చెంప మీదకు పోయేది. 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు గల కాగితం మన దేశంలో సినిమా పోస్టరుకు సాధారణ కొలతగా స్థిరపడింది. పెద్ద గోడలకు అలాంటి కాగితాలు ఆరింటిని జతపరిచి అతికించేవారు.

ఆ పోస్టర్లే రైళ్లలో, బస్సుల్లో ఊరూరికీ చేరేవి. మైదాపిండి ఉడికించిన జిగురుతో గోడలకు, ఎద్దుల బండ్లకు, జట్కాలకు అతికేవి. ఇలా ఊరూరా తిరిగిన కాగితం మూడు వారాల్లో ఎండకు వెలిసి, వానకు నాని, మరో సినిమా పోస్టరు కిందకు చేరేది. లక్షల మంది చూసిన చిత్రం లక్షణంగా మాయమైపోయేది. చిత్రకారుని పేరు మూలన చిన్న సంతకంగా ఉంటే ఉండేది, లేకుంటే లేదు.

‘బర్సాత్’ నుంచి ఇంటింటి గోడ దాకా

1940లలో పండిత్ సొంత స్టూడియో నెలకొల్పుకున్నారు. హిందీ చిత్రసీమ ఆయన తలుపు తట్టింది. బాబూరావు పటేల్ 1935లో స్థాపించిన ‘ఫిలిం ఇండియా’ పత్రిక అప్పట్లో సినిమా రంగాన్ని శాసించేది. ఆ పత్రిక పుటలపై పండిత్ చిత్రించిన తారల వదనాలు దేశమంతటా ప్రచారం పొందాయి. రాజ్ కపూర్ నిర్మించిన ‘బర్సాత్’ (1949) వంటి చిత్రాల ప్రచారానికి ఆయన కుంచె తోడైంది. నాయికానాయకుల సాన్నిహిత్యాన్ని, విరహాన్ని రంగుల్లోకి దించడంలో ఆయనకు ఆయనే సాటి అనిపించుకున్నారు. ఆయన శైలిని అనుసరించిన యువ చిత్రకారులు బొంబాయిలో ఒక తరంగా ఎదిగారు.

పోస్టర్లతోపాటే క్యాలెండర్ల చిత్రణ ఆయన కీర్తిని పల్లెలకు చేర్చింది. ఏటా కొత్త సంవత్సరానికి వ్యాపార సంస్థలు తమ పేరుతో క్యాలెండర్లు పంచడం అప్పటికే ఆనవాయితీగా మారింది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయం దేవతా చిత్రాలను పేదల ఇళ్లకు చేర్చిన తొలి మెట్టు అయితే, క్యాలెండరు దానికి తరువాతి మెట్టు. తమిళనాట శివకాశి ముద్రణకు కేంద్రంగా ఎదిగాక ఆ చిత్రాలు దక్షిణాది పల్లెలన్నింటికీ వ్యాపించాయి. రాధాకృష్ణులు, శివపార్వతులు, నలదమయంతులు, విశ్వామిత్ర మేనకలు పండిత్ ఇష్టంగా చిత్రించిన ఇతివృత్తాలు.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటుంది. సినిమా తారల ముఖాల్లో ఆయన సాధించిన కాంతినే దేవతా చిత్రాల్లోకి తీసుకువచ్చారు. ఆయన కృష్ణుడు కండపుష్టి గల యువకుడు. ఆయన పార్వతి నడిచివచ్చే నిండు గృహిణి. దూరాన ఉన్న దేవుడు పక్కింటి మనిషిలా దగ్గరయ్యాడు. మన పల్లెల్లో కిరాణా దుకాణం వారిచ్చిన క్యాలెండరులో తేదీల కాగితం అయిపోయాక బొమ్మను కత్తిరించి, అద్దం కట్టించి, పసుపు కుంకుమలు పెట్టి దేవుని గూటిలో నిలపడం అందరికీ అనుభవమే. వ్యాపార ప్రకటనగా ఇంట్లోకి వచ్చిన కాగితం పూజా పటంగా మారింది. ఏ చిత్రకళా ప్రదర్శనశాలకూ దక్కని గౌరవమిది.

పండితుల చిన్నచూపు

జనం నెత్తిన పెట్టుకున్న ఈ కళను విమర్శకులు మాత్రం చాలాకాలం చిన్నచూపు చూశారు. 1947లో బొంబాయిలో ప్రగతిశీల చిత్రకారుల బృందం ఏర్పడింది. హుసేన్ అందులో సభ్యుడు. ఆధునిక చిత్రకళకు మన్నన పెరిగిన కొద్దీ వాస్తవిక శైలి పాతబడిన పద్ధతిగా ముద్రపడింది. పోస్టర్లు, క్యాలెండర్లు వేసేవారిని బజారు చిత్రకారులుగా జమకట్టారు. ఒకే నగరంలో, ఒకే వృత్తిలో మొదలైన ఇద్దరిలో ఒకరు నవీన కళకు ప్రతినిధిగా దేశదేశాలు చుట్టారు. మరొకరి చిత్రాలు కోట్ల ఇళ్లలో వేలాడుతున్నా, వాటిని గీసినవారి పేరు ఆ ఇళ్లవారికి తెలియదు. ఇందులో ఎవరి గొప్ప ఎక్కువన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చూసే కన్నుకు, విలువ కట్టే చేతికి మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ ఇద్దరి జీవితాలు చెబుతాయి.

పేరున్నప్పుడే వెనుదిరిగి

చేతినిండా పని ఉన్న దశలోనే, 1960ల ఉత్తరార్ధంలో, పండిత్ బొంబాయి వాణిజ్య చిత్రకళకు స్వస్తి పలికి గుల్బర్గా చేరుకున్నారు. అప్పటికి ఆ పట్టణం చరిత్ర మారిపోయింది. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటుతో తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. నిజాం పౌరునిగా ఊరు విడిచిన యువకుడు మైసూరు రాష్ట్ర పౌరునిగా తిరిగివచ్చారు. నిర్మాతల గడువులు లేని చోట పెద్ద తైలవర్ణ చిత్రాలకు, పురాణ దృశ్యాలకు, మహనీయుల రూపచిత్రాలకు తన సమయాన్ని కేటాయించారు.

కన్యాకుమారి సముద్రం నడుమ రాతిపై నిర్మించిన వివేకానంద స్మారకం 1970లో ఆనాటి రాష్ట్రపతి, తెలుగువారైన వి.వి.గిరి చేతుల మీదుగా ప్రారంభమైంది. అక్కడ నెలకొన్న స్వామి వివేకానందుని వర్ణచిత్రం పండిత్ కుంచె నుంచి వచ్చినదే. దేశం నలుమూలల నుంచి వెళ్లే యాత్రికులు నేటికీ దాని ఎదుట చేతులు జోడిస్తారు. 1978లో లండనులో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. పోస్టరు గోడ నుంచి మొదలైన ప్రయాణం అలా సముద్రాలు దాటింది. 1993 మార్చి 30న, 77 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే పండిత్ కన్నుమూశారు.

మిగిలినది ఎంత?

కలబురగి నగరం ఆయనను మరువలేదు. అక్కడి ప్రధాన ప్రదర్శన వేదికకు డాక్టర్ ఎస్.ఎం.పండిత్ రంగమందిరమని పేరు పెట్టుకున్నారు. నాటకాలు, సంగీత సభలు, సన్మానాలు ఆయన పేరు కిందే జరుగుతాయి. ఆయన మూలచిత్రాలు వేలంశాలల్లో కళాభిమానుల చేతికి చేరుతున్నాయి. 2002లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం హిందీ సినిమా పోస్టర్ల కళపై ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసింది. పుణెలో 1964లో నెలకొన్న జాతీయ చలనచిత్ర భాండాగారం ఫిల్ములతోపాటు పోస్టర్లను కూడా సేకరించి భద్రపరుస్తోంది. ఒకనాటి బజారు కళ నేడు చరిత్రకు ఆధారంగా మారింది.

అయితే దక్కినదాని కన్నా పోయినదే ఎక్కువ. పోస్టరు ముద్రించాక మూలచిత్రం నిర్మాత కార్యాలయంలోనో, ముద్రణాలయం మూలనో పడి ఉండేది. స్థలం చాలనప్పుడు తూకానికి పోయేది. దానిపై హక్కు చిత్రకారునికి ఉన్నట్లు ఆనాడు ఎవరూ తలచలేదు. తెలుగు చిత్రసీమలోనూ ఇదే పరిస్థితి. పాలకొల్లుకు చెందిన ప్రసిద్ధ పోస్టర్ల రూపశిల్పి ఈశ్వర్, 1967 నాటి ‘సాక్షి’ చిత్రంతో మొదలుపెట్టి వేల చిత్రాలకు ప్రచార కళ అందించారు. తమ వృత్తి చరిత్ర చెరిగిపోతుందన్న తపనతో ‘సినిమా పోస్టర్’ అనే గ్రంథాన్ని స్వయంగా వెలువరించారు. ఆయన 2021లో కన్నుమూశారు. ఆ ఒక్క పుస్తకం లేకుంటే మన వైపు ఎందరి పేర్లు గాలిలో కలిసిపోయేవో ఊహించడం కష్టం కాదు.

మన ఊరి కుంచెల మాట

పండిత్ వంటి వారు మహానగరంలో వేసిన బొమ్మను చూసి, గళ్లు గీసుకుని, పదింతలు పెంచి తడికెలపైన, రేకులపైన చిత్రించిన చేతులు ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉండేవి. ఎరువుల దుకాణం బోర్డు, ఎన్నికల గుర్తు, బడి గోడ మీద గాంధీ తాత, జాతరకు అమ్మవారి తెర, థియేటరు ముందు హీరో నిలువెత్తు కటౌటు అన్నీ ఆ చేతుల మీదే సాగేవి. 2000వ దశకంలో ఫ్లెక్సీ ముద్రణ యంత్రాలు పట్టణాలకు వచ్చాయి. వారం రోజుల పని గంటకు కుదించుకుపోయింది. రంగు డబ్బాలు అటకెక్కాయి. కుంచె పట్టినవారిలో కొందరు వేరే ఉపాధి వెతుక్కున్నారు, మరికొందరు ఇళ్లకు సున్నాలు వేసే పనికి మళ్లారు. వారి బొమ్మలకు ఫొటోలు లేవు, పుస్తకాలు లేవు, రంగమందిరాలు లేవు.

అయినా అంతా చెరిగిపోలేదు. నల్లమల అంచు గ్రామాల్లో పాత మిద్దెల గోడలకు, మూతపడిన దుకాణాల తలుపులపై, రథశాలల్లో దాచిన తెరలపై ఆ చేతివ్రాతలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఇంట్లో అటక మీద పాత క్యాలెండర్ల చుట్ట ఉండే ఉంటుంది. వాటిని చెత్తకు వేసే ముందు ఒక్కసారి విప్పి, కుడివైపు అడుగున చూడాలి. అక్కడ చిన్న అక్షరాల్లో ఎస్.ఎం.పండిత్ అన్న సంతకం కనిపించవచ్చు. లేదా ఆత్మకూరులోనే బతికి, పేరు రాసుకునే అలవాటు లేక పోయిన మరో చిత్రకారుని చేతిపని కనిపించవచ్చు. పదిలపరచడానికి రెండూ యోగ్యమైనవే.

వచ్చే ఉగాదికి మళ్లీ కలబురగి వైపు నుంచి భక్తులు వస్తారు. మల్లన్న పటాలు మోసుకుంటూ మన వీధుల్లో నడుస్తారు. ఆ పటాల వెనుక, ఏ దండా పడని ఒక చిత్రకారుని శ్రమ ఉందని తలచుకుంటే, అదే ఆయనకు తగిన నివాళి.